అనంతలక్ష్మి కారు కదిలింది

“జంప్ స్టార్ట్ చేసి బ్యాటరీ లేపడం వద్దు. ట్రక్కు పంపి టో చేయించండి చాలు” అంది అనంతలక్ష్మి ఫోన్‌లో.

“బండికి ఏమైంది మేడమ్?” అడిగింది ఆగిపోయిన బండ్లకి సాయం పంపే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అమ్మాయి.

“రెండు నెలలుగా అంగుళం కదల్లేదు.”

“ఎక్కడి నుంచి ఎక్కడికి?”

“సన్నీవేల్ నుంచి ఫ్రీమాంట్‌కి. మా మెంబర్‌షిప్‌లో వంద మైళ్ళ దాకా ఉచితమని రాసుంది. నేను చదివాను.”

అమెరికా వచ్చి ఇరవై ఏళ్ళయినా ఆవిడ ఇంగ్లీషులో గోదావరి యాస పోలేదు. తడబాటు మాత్రం ఈ పూటే పోయింది.

ఆ కారు ఆమె భర్త వెంకట రమణది. ఆయన పోయాక కాగితాలు ఆమె పేరు మీదికి మారాయి. తాళాలు మాత్రం కొడుకు ఫణి చేతికి వెళ్ళాయి. రెండు నెలల క్రితం ఫణి కొత్త కారు కొని, దీని తాళాలు గోడ మేకుకి తగిలించేశాడు. అప్పటి నుంచి పాతది ముసుగు కప్పుకుని ఇంటి ముందు ఓ మూల పడి ఉంది. అనంతలక్ష్మి బతుకూ ఇంచుమించు అంతే. గుడికి తీసుకెళ్ళమన్నా, లైబ్రరీకన్నా, ఫ్రీమాంట్‌లో ఉన్న స్నేహితురాలు రాధారాణి ఇంటికన్నా ఒకటే జవాబు. “వీకెండ్ చూద్దాంలే అమ్మా.”

నిన్న భోజనాల దగ్గర ఫణి ఒక కాగితం ఆమె ముందుకు జరిపాడు. “ఇక్కడ సైన్ చెయ్యమ్మా. శనివారం ఛారిటీ వాళ్ళొచ్చి కారు పట్టుకెళ్తారు.”

“నడిచినా నడవకపోయినా తీసుకుంటారట అత్తయ్యా” అంది కోడలు స్మృతి.

“నన్ను అడగనేలేదే?”

“అడగడానికేముందమ్మా? చోటు దండగ తప్ప దేనికి పనికొస్తుందది?”

ఫణి కారు గురించే అన్నాడు. అయినా ఆ మాట అనంతలక్ష్మికి ముద్ద దిగనివ్వలేదు. కాగితాన్ని మడిచి కంచం కింద పెట్టి లేచిపోయింది.

పొద్దున్న ఇద్దరూ ఆఫీసులకి వెళ్ళగానే మూడు ఫోన్లు చేసింది. మొదటిది రాధారాణికి. “మీ ఇంట్లో ఆ గది ఇంకా ఖాళీయేనా?” రెండోది రాధారాణి వాళ్ళ వీధిలోనే పిల్లల డేకేర్ నడిపే రేణుకి. “వంటకి మనిషి కావాలన్నావుగా, సోమవారం నుంచి నేనొస్తాను.” మూడోది ఇది.

పదకొండింటికి ట్రక్కు వచ్చింది. నెరిసిన మీసాలాయన దిగాడు. చొక్కా మీద హెక్టర్ అని పేరుంది. మెంబర్‌షిప్ కార్డునీ, ఆమె ఐడీనీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు.

“స్టార్ట్ చేసి చూశారా?”

“నా వల్ల కాదు.”

“నేనోసారి చూడనా? చిన్నదైతే ఇక్కడే సరిచేసి...”

“వద్దు. ఎక్కించండి.”

ఆ గొంతు విన్నాక హెక్టర్ ఆమె దగ్గర తాళాలు తీసుకున్నాడు. కారుని న్యూట్రల్‌లో పెట్టి కొక్కెం తగిలించాడు.

ముందు చక్రాలు ట్రక్కు మీదికి ఎక్కుతుండగా గుమ్మం పక్కనున్న డోర్‌బెల్ కెమెరా కేకేసింది.

“అమ్మా! ఆ ట్రక్కేంటి? ఎవరతను?”

ఫణి మనిషి శాంటా క్లారా ఆఫీసులో, గొంతు ఇంటి గుమ్మంలో. అనంతలక్ష్మి కెమెరా ఎదురుగా వెళ్ళి నిలబడింది.

“నా కారు తీసుకెళ్తున్నాన్రా.”

“ఎక్కడికి?”

“ఫ్రీమాంట్‌కి.”

“ఫ్రీమాంట్‌లో మన చుట్టాలెవరున్నారని?”

“ఇవాళ్టి నుంచి నేనుంటాను.”

కెమెరాలోంచి ఏదో తలుపు మూసుకున్న చప్పుడు వచ్చింది.

“అమ్మా, ప్లీజ్. మీటింగ్ మధ్యలో లేచి వచ్చాను. అంత కావాలంటే వీకెండ్ నేనే దగ్గరుండి చేరుస్తాను.”

“నువ్వు చేరిస్తే మళ్ళీ వెనక్కి తెచ్చేదీ నువ్వే. తెలుసు నాకు.”

“నీకేం తక్కువ చేశామమ్మా?”

“ఏ తక్కువా చెయ్యలేదు. కూర్చోబెట్టి పెట్టారు. కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టేశాయిరా.”

“అయినా ఆ కారుతో నువ్వేం చేస్తావు?”

“అది నేను చూసుకుంటాను. ఇంటి తాళం పూలకుండీ కింద పెట్టాను. ఫ్రిజ్‌లో పప్పుచారు ఉంది, వేడి చేసుకోండి.”

గుమ్మంలో పెట్టుకున్న సూట్‌కేసు తనే మోసుకొచ్చి ట్రక్కెక్కింది.

ముందు సీటు ఎత్తుగా ఉంది. దారంతా కాళ్ళ కింద పరిచినట్టు కనిపిస్తోంది. ఫోను మూడుసార్లు మోగింది. మూడోసారి చెయ్యి దాని మీదికి వెళ్ళింది, వెనక్కి వచ్చేసింది.

“మీ అబ్బాయా?” అడిగాడు హెక్టర్.

“ఊఁ. మంచివాడే. ఆ మంచితనానికే ఊపిరాడటం లేదు.”

హెక్టర్ నవ్వి కిటికీ అద్దం కాస్త దించాడు.

ఫ్రీమాంట్‌లో రాధారాణి చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు మీదికొచ్చి నిలబడి ఉంది. “నువ్వు రావనుకున్నానే అనంతం! చివరి నిమిషంలో కొడుకు మొహం చూసి ఆగిపోతావనుకున్నా.”

“మొహం కనపడలేదులే, గొంతే వినపడింది” అంది అనంతలక్ష్మి. అప్పటికిగానీ ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరగలేదు. రాధారాణి సూట్‌కేసు అందుకుంది.

హెక్టర్ కారుని నెమ్మదిగా ఇంటి ముందు దింపి, తాళాలు ఆమె చేతికిచ్చి, ట్యాబ్లెట్ తీశాడు.

“రిపోర్టులో ఒక గడి మిగిలిపోయింది మేడమ్. బండికి లోపం ఏమిటని రాయను?”

అనంతలక్ష్మి కళ్ళు తుడుచుకుని తలెత్తింది.

“లోపం బండిది కాదు, నాకింకా డ్రైవింగ్ రాదు.”