ఎడమ సగం

గేమ్ తెర మీద, పాట పేరు పక్కన బంగారు కిరీటం మెరుస్తోంది.

సాగర్ రెప్పలార్చి మళ్ళీ చూశాడు. కిరీటమే. వారం క్రితం అక్కను చూడడానికి కరీంనగర్ వెళ్ళేటప్పుడు అది అక్కడ లేదు.

శాలిబండలో బాబూమియాకు గడియారాలు, సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. బస్‌స్టాండులో బస్సుల రాకపోకలు చెప్పే మైకు డ్యూటీ దిగగానే సాగర్ వచ్చి వాలేది అక్కడే. బాబూమియా కొడుకు ఉజైర్ అతనికి చిన్ననాటి దోస్తు. సాగర్ రాగానే ఉజైర్ చాయ్ తెప్పిస్తాడు, బిస్కెట్ పాకెట్ చింపి ముందు పెడతాడు, సొరుగులోంచి ఆ బుల్లి వీడియో గేమ్ తీస్తాడు.

సాగర్ చాలాకాలం ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చిన ఏడు, ఉజైర్ మేనమామ దాన్ని దుబాయ్ నుంచి తెచ్చాడు. తెర మీద అమ్మాయిలు పాడుతూ చిందులేస్తుంటారు. మనుషులు కారు, కంప్యూటర్ కన్న గాయనులు. పాట తాళానికి గుర్తులు పడుతుంటే, సరిగ్గా ఆ క్షణానికి మీట నొక్కాలి. ఎడమ వైపు బాణం మీటలు, కుడి వైపు గుండ్రటి మీటలు. అందులో పచ్చ జడల పిల్ల జపాన్ పేరు నోరు తిరక్క, ఇద్దరూ ఆమెకు సబ్జా బేగం అని పేరు పెట్టుకున్నారు.

ఒక గేమ్‌కు ఇద్దరు పిల్లలు. కొట్టుకుని చావాలి కదా. అప్పుడు ఉజైరే తీర్పు చెప్పాడు.

"ఎడమ దిక్కు నీది, కుడి దిక్కు నాది. ఒక్కలం ఆడేది లేదు."

మీసాలొచ్చినా, ఉజైర్‌కు పెళ్ళి కుదిరినా, ఆ షరతు మారలేదు. సాగర్ ఎడమ పక్కన కూర్చుంటాడు. ఉజైర్ ఒక చెయ్యి అతని భుజం మీద వేసి, రెండో చేత్తో తన సగం ఆడతాడు. ఆ ఆటకు ఇంకో పద్ధతి ఉంటుందని సాగర్‌కు ఎన్నడూ తోచలేదు. తను లేకపోతే ఉజైర్ ఒక్క పాటా దాటలేడు. తన కోసం ఆగే పని లోకంలో అదొక్కటే, అందుకే అదంటే అంత ప్రాణం.

సబ్జా బేగం పాట మాత్రం ఇద్దరికీ లొంగలేదు. ఒక్క మీటా తప్పకుండా నొక్కితేనే కిరీటం. ప్రతిసారీ చివర్లో, పాట వేగం పెరిగే చోట, బోల్తా పడేవారు.

ఇప్పుడు కిరీటం వచ్చేసింది. అంటే, తన ఎడమ సగంలో ఇంకెవరో కూర్చున్నారు.

"నేను లేనప్పుడు గేమ్ ఆడినవా?" అన్నాడు సాగర్.

ఉజైర్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. "లే భాయ్. మీటలు అంటుకుంటున్నయని నువ్వే అంటివి గద. కొత్తయి వేసిన, గంతే."

"మరి గీ కిరీటం ఎట్లొచ్చింది?"

ఉజైర్ మొహం పాలిపోయింది. "గదా... చెక్ చేస్తుంటె వచ్చినట్టుంది. చాయ్ చల్లారుతది, తాగు."

చెక్ చేస్తుంటే వచ్చిందట. ఇన్నేళ్ళు ఇద్దరూ తల బాదుకున్నా రాని కిరీటం. సాగర్‌కు ఒళ్ళు మండిపోయింది.

"నుజహత్‌కు నేర్పినవా?"

నుజహత్ ఉజైర్ చేసుకోబోయే పిల్ల, మాదన్నపేటలో ఉంటుంది.

"ఆమెకు గేమంటెనే తెల్వది యార్."

"మరి ఎడమ దిక్కు ఎవరు కూసున్నరు?"

"ఎవరు లేరు."

"నా మొహం చూసి చెప్పు."

ఉజైర్ చూడలేదు. అబద్ధమాడేవాడు ఎవడు చూస్తాడు?

"ఏంది లొల్లి? గిరాకీలొచ్చే యాళ్ల," అన్నాడు బాబూమియా, కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే.

"ఊరికి పోయి వారం గాలె చాచా, నా జాగల ఇంకొకల్లను కూసోబెట్టిండు," అన్నాడు సాగర్. "నాకు చెప్తె అడ్డమొస్తుంటినా? చాటుకెందుకు చెయ్యాలె?"

ఉజైర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. అలవాటుగా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి సాగర్‌కు బరువుగా తోచింది. పరాయివాడు ముట్టుకున్నా ఇంత కంపరం పుట్టేది కాదు.

"పేరు చెప్పు. చెప్పకుంటె మల్ల ఈ మెట్లు ఎక్క."

ఉజైర్ తండ్రి వైపు చూశాడు. బాబూమియా గడియారంలోకి తల దూర్చేశాడు, ఆ సంగతి తనకెప్పుడో తెలిసినట్టు.

"చూడు మరి," అన్నాడు ఉజైర్.

అతను సాగర్ భుజం మీంచి తన చెయ్యి తీశాడు. గేమ్‌ను రెండు చేతులతో పట్టుకుని పాట పెట్టాడు. సబ్జా బేగం జడలు ఊపుతూ వచ్చింది. ఎడమ మీటల మీద ఒక బొటనవేలు, కుడి మీటల మీద ఒకటి. ఇద్దరూ ఎప్పుడూ బోల్తా పడే ఆ చివరి చోటును మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా దాటేశాడు. తెర మీద కిరీటం వెలిగింది.

"ఎప్పటిసంది వస్తది నీకు?" అన్నాడు సాగర్.

ఉజైర్ తలెత్తలేదు. "మొదటిసంది."

చిన్నప్పుడు కరెంటు తీగకు చిక్కిన గాలిపటాన్ని అందుకోబోయిన నాటి నుంచి ఖాళీగా వేలాడుతున్న చొక్కా కుడి చేతిని, సాగర్ తనకున్న ఒక్క చేత్తో మెల్లగా జేబులోకి దోపుకున్నాడు.