గంగాలమ్మ గొంతు

ఫిషింగ్ హార్బర్‌లో చిరిగిన వల కుడుతున్న సింహాద్రి ఫోను మోగింది. కొత్త నెంబరు. చేతులు ఖాళీ లేక స్పీకర్‌లో పెట్టాడు. భార్య గంగాలమ్మ ఏడుపు!

"మావా! పరవాడ కాడ ఆటో తిరగబడిపోనాది. ఆస్పత్రిలో ఉన్నాను, బేగి డబ్బులు కట్టాలంట. నీ ఫోనుకి బ్యాంకు నెంబరొచ్చింది సూడు. బేగి సెప్పు!"

సింహాద్రి వల వదిలేసి ఫోను అందుకున్నాడు. ఎదురుగా వల పట్టుకుని కూర్చున్న బావమరిది తాతబాబు అక్క ఫోనుకి కొట్టి చూశాడు. స్విచ్ ఆఫ్.

"మా అప్ప గొంతే బావా! సెప్పీ బేగి!"

నోటిదాకా వచ్చిన నెంబరును సింహాద్రి మింగేశాడు. కూతురు అనూరాధ ద్వారకా నగర్‌లో సైబర్ సెక్యూరిటీ ఆఫీసులో పనిచేస్తోంది. మొన్న ఆదివారమే తండ్రికి క్లాసు పీకింది.

"అమ్మ చేపల పులుసు వీడియోలు ఊరంతా చూస్తున్నారు నాన్నా. దొంగలకి ఆ గొంతు చాలు, అచ్చం అమ్మలాగే మాట్లాడించేస్తారు. ఎవరు ఏ నెంబరు అడిగినా ముందు ఒక ప్రశ్న వెయ్యి. అమ్మ అవునో కాదో జవాబులోనే నీకు తెలిసిపోవాలి."

బ్యాంకులో ఉన్నది పడవకి కొత్త ఇంజను కోసం ఆలుమగలు రెక్కలు ముక్కలు చేసుకుని దాచిన సొమ్ము. పోతే మళ్లీ రాదు.

సింహాద్రి స్పీకర్ ఆపి, కాస్త అవతలికి వెళ్లి, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని ప్రశ్న అడిగాడు.

"సెప్పిందా?" అన్నాడు తాతబాబు ఆత్రంగా.

"ఠక్కున సెప్పింది. తప్పు నేదు," అంటూ సింహాద్రి ఫోను కట్ చేసేశాడు. ఆ వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టి ఫిర్యాదు కూడా ఇచ్చాడు.

తాతబాబుకి ఒళ్లు మండిపోయింది. "అప్ప అక్కడ సావుబతుకుల్లో ఉంటే కంప్లైంటేటి? నువ్వు మనిసివేనా బావా?"

అంతలో మళ్లీ ఫోను. మళ్లీ కొత్త నెంబరు. మళ్లీ గంగాలమ్మే!

"నా ఫోను సార్జింగు అయిపోనాది. గ్యాసు బండోడి ఫోన్లోంచి మాటాడతన్నాను. సిలిండరు దించాలంటే నీకొచ్చిన నెంబరు కావాలంట. సెప్పు."

సింహాద్రి మళ్లీ అవతలికి వెళ్లి అదే ప్రశ్న అడిగాడు. ఈసారి స్పీకర్ అక్కర్లేకపోయింది. తిట్లు హార్బరంతా వినిపించాయి.

"సిగ్గు నేదేటి నీకు? పరాయోడి ముందర ఏటా అడగడం? పొద్దున్నే తాగీసినావేటి? నాను సెప్పను గాక సెప్పను!"

సింహాద్రి ముఖం వెలిగిపోయింది. గ్యాసు నెంబరు అంకె అంకె విడదీసి ముద్దుముద్దుగా చెప్పాడు.

తాతబాబు నెత్తి కొట్టుకున్నాడు. "సరిగ్గా సెప్పిన మనిసికి ఇవ్వనేదు, సెప్పనన్న మనిసికి ఇచ్చీసినావు! ఇంతకీ ఏటడిగినావు బావా?"

సింహాద్రి వలను మళ్లీ ఒళ్లోకి లాక్కున్నాడు.

"'నీ మొగుడి పేరేటే' అనడిగితే, పెళ్లైన కాణ్ణించీ మీ అప్ప ఏనాడైనా నోరిప్పి సెప్పిందేట్రా?"