ఆరింటి మిస్డ్ కాల్

టైలర్ అమ్మమ్మా, ఎదురుగా చెప్పాలంటే నోరు పెగలట్లేదు. అందుకే మెసేజ్ పెడుతున్నా.

ఊళ్లో పెద్దవాళ్లంతా రోజూ పొద్దున ఆరింటికి మీకు మిస్డ్ కాల్ ఇస్తారు. ఎవరిదైనా రాకపోతే మీరు కర్ర పట్టుకుని వాళ్లింటికి వెళ్తారు. నిన్న తాతయ్య కాల్ వచ్చింది, అందుకే మీరు రాలేదు. తాతయ్యేమో తుంటి విరిగి పదింటిదాకా బాత్రూంలోనే పడున్నాడు.

ఇందాక మీరు తాతయ్య మంచం పక్కన కూర్చుని ఏడ్చారు. "ఎవరి నంబరు చూసి నీదనుకున్నానో అన్నయ్యా! నా కళ్లు పాడుగాను. ఈ పని ఇంకెవరికైనా అప్పజెప్పండి."

"నీ కళ్లకేం తల్లీ, ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తావు! కాల్ నేనే ఇచ్చా. ఆ తర్వాతే జారిపడ్డా," అన్నాడు తాతయ్య.

అది అబద్ధం. తాతయ్య పడింది ఐదున్నరకి. గేమ్ ఆడుకోడానికి ముందురోజు రాత్రే ఆయన ఫోన్ నేను తీసుకున్నా. మీరొస్తే లేచి తలుపు తీయాల్సొస్తుందని, దుప్పట్లోంచే నేను మిస్డ్ కాల్ ఇచ్చి పడుకున్నా. అప్పటికే చెవుల్లో పాటలు పెట్టుకుని ఉన్నా. తాతయ్య ఎంత పిలిచినా వినపడలేదు.

ఆయనకి అంతా తెలుసు. మీరు వెళ్లాక నన్ను ఒక్క మాట అనలేదు. "ఏమైనా తిన్నావా?" అని మాత్రం అడిగాడు.

మీరు ఈ పని మానకండి అమ్మమ్మా. ఈ మెసేజ్ ఊళ్లో అందరికీ చూపించండి.