బయటి డబ్బా మూతి

రెంటచింతలలో ముప్పయ్యేళ్లు ఏకచ్ఛత్రంగా చల్లదనాన్ని ఏలిన పరాంకుశంగారి ఏసీ ఆ చైత్రమాసపు మధ్యాహ్నం సింహాసనం దిగింది. కొత్తది బిగించడానికి మెకానిక్‌కు నాలుగు గంటలు పడుతుంది. ఎండ నలభై ఎనిమిది డిగ్రీలు. నెలలు నిండిన కోడలిని వెంటబెట్టుకుని ఆయన పక్కింటి తలుపు తట్టారు.

తలుపు సగమే తెరుచుకుంది.

"ఇన్నేళ్లూ మీ వేడిగాలంతా నా గోడకే కొట్టారు. ఇయ్యాల నా ఇల్లు గుర్తొచ్చిందా, అయ్యోరూ?" అంది మస్తాన్‌బీ. "నువ్వు రా తల్లీ లోపలికి. మీరు మాత్రం ఆ ఏసీ బయటి డబ్బా మూతి నా గోడమీంచి తిప్పించాకే రండి."

"ఎటు తిప్పమంటారండీ? నాలుగుపక్కలా ఇళ్లే," అన్నాడు మెకానిక్, ఆయన తిరిగొచ్చి సంగతి చెప్పగానే.

పరాంకుశంగారు దిగ్విజయానికి వెడలే చక్రవర్తివలె దిక్కులన్నీ పరికించారు. చివరకు ఆయన వేలు వెనకింటివైపు లేచింది. ఆ వీధిలో ఏసీ లేని ఇల్లు అదొక్కటే. ఆ తలుపు తట్టవలసిన అవసరం ఆయనకెన్నడూ రాదు.