పూలు వేసి అడిగిన డిస్కు

చెన్నై రిచీ వీధిలో, కాసిం భాయ్ దుకాణపు బల్ల మీద రెండు హార్డ్ డిస్కుల మధ్య తిరుమలై తన చిన్న పెరుమాళ్ పటం నిలబెట్టాడు. దాని ముందు రెండు పూలపొట్లాలు పెట్టాడు.

"ఎర్రపువ్వొస్తే ఖరీదైంది, తెల్లపువ్వొస్తే చవకది. ఒకటి తియ్యి కోమళా," అన్నాడు భార్యతో.

"నేను మూడేళ్ళ గ్యారంటీ ఇస్తా సామీ. ఆయనెన్నేళ్ళిస్తారు?" అన్నాడు భాయ్.

తిరుమలై నవ్వలేదు. పోయిన తండ్రి పాశురాలు చదివిన గొంతు ఇంట్లో మూలుగుతున్న పాత డిస్కులోనే ఉంది.

తెల్లపువ్వొచ్చింది. మళ్ళీ తీయించాడు. మళ్ళీ తెల్లదే.

"స్వామికి మన జేబు సంగతి తెలుసు. డిస్కుల సంగతి తెలుసో లేదో," అని గొణిగాడు.

"ఖరీదైంది పాడవదా భాయ్?" అడిగింది కోమళ.

"ఏదైనా పాడవుద్దమ్మా. ఎప్పుడనేది చెప్పలేం."

కోమళ పటం కళ్ళకద్దుకుంది. "ఏమండీ, గుళ్ళో మూలవిరాట్టు ఉండగా మళ్ళీ ఉత్సవమూర్తి ఎందుకు? స్వామే ఒక్క విగ్రహంతో సరిపెట్టుకోలేదు. ఆ ఖరీదైనదాని డబ్బుకి చవకవి రెండొస్తాయి. ఒకటి మనింట్లో, ఒకటి మీ తమ్ముడింట్లో."

తిరుమలై ఆమె చేతిలోంచి పటాన్ని తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"చవకవి రెండివ్వు భాయ్. తమ్ముడింటికి ఊరేగేదాన్ని కాస్త మెత్తగా చుట్టు."