హబ్ మీద బొట్టు

“ఆటోమేటిక్కే వెయ్యవోయ్,” అన్నాడు బసవపున్నయ్య, ఇందాకటి నుంచీ అంటున్న మాటే.

“కాదు, చేత్తో తిప్పేవే వెయ్యి,” అంది రావమ్మ తాపీగా.

మెకానిక్ అంతోని రెండు జతల హబ్‌లూ బల్ల మీద పెట్టుకుని మొగుడూ పెళ్ళాల మొహాలు మార్చి మార్చి చూశాడు. పెట్రోలు ధర మండిపోతున్న రోజులు. రోడ్డు మీద జీపు ముందు చక్రాలను వదిలేసి, బురదలో మాత్రమే బిగించే హబ్‌లు వేయిస్తే ఖర్చు తగ్గుతుందని ఎవరో చెబితే హనుమాన్ జంక్షన్ నుంచి బెజవాడ వచ్చారు. ఏనాడూ షెడ్డు మొహం చూడని రావమ్మ ఇవాళ పట్టుబట్టి వెంట రావడం డ్రైవరు బాలశౌరికి మింగుడు పడలేదు.

“రెంటికీ తేడా ఏంటయ్యా?” అని అడిగిందామె.

“ఆటోమేటిక్ అయితే బురదలో అదే బిగుసుకుంటుందండి. రోడ్డెక్కాక బండి కాస్త వెనక్కి పోనిస్తే అదే వదులవుద్ది. రెండోదైతే బాలశౌరి దిగి, రెండు చక్రాలకీ మధ్యలో ఉన్న ఈ బిళ్ళ తిప్పాలి. రోడ్డెక్కాక మళ్ళీ దిగి వెనక్కి తిప్పాలండి.”

“ఆటోమేటిక్ బండి బురదలోకి వెళ్ళొచ్చిందో లేదో తెలుస్తుందా?”

“కడిగేస్తే దేవుడిక్కూడా తెలవదండి.”

“మరి దీనికి?”

“దీనికి చెయ్యి పెట్టాలి కదండీ. చెయ్యి పెడితే ఏదో ఒక గుర్తు పడుద్ది.”

“అయితే ఇదే బిగించు. మన పొలాలన్నీ తారురోడ్డు పక్కనే. బురదలో ఎవరికేం పని?” అంటూ మొగుడి వంక చూసింది. “ఈమధ్య బండి ఎప్పుడు బయటికెళ్ళినా కడిగిన ముత్యంలా ఇంటికొస్తోంది. ఎందుకో మరి.”

బసవపున్నయ్య తేలు కుట్టిన దొంగలా జేబులోంచి డబ్బులు తీసి లెక్కపెట్టసాగాడు.

బురదలో పని ఉంది. పామర్రు దాటి, కాలవగట్టు దిగి, నల్లరేగడి డొంకలో పోతే వచ్చే ఊళ్ళో వాళ్ళ ఒక్కగానొక్క కూతురు మాణిక్యం కాపురముంది. ఆ పిల్ల బడిపంతులు ఇశ్రాయేలుని చేసుకుని బాప్తిస్మం తీసుకున్ననాడు రావమ్మ బంధువులందరి ముందూ తలారా నీళ్ళు పోసుకుంది. “దాని గడప తొక్కినవాళ్ళు నా గడప తొక్కొద్దు,” అంది. బసవపున్నయ్యా అవునన్నాడు. అన్న పెద్దమనిషి, మనవరాలు పుట్టిందని తెలియగానే ఆ మాట కాలవలో కలిపేశాడు. ఒకసారి వెళ్ళొస్తే మళ్ళీ వారం దాకా భయంతో ఆ ఊసెత్తడు. తిరిగొచ్చేటప్పుడు రేవులో జీపు కడిగించేవాడు. అనుమానం రాకుండా ఈమధ్య వేరే పనుల మీద వెళ్ళినా కడిగిస్తున్నాడు.

వాళ్ళు బయల్దేరుతుంటే మాణిక్యం ప్రతిసారీ, “మళ్ళీ వారానికేగా నాన్నా వచ్చేది?” అని గుచ్చి గుచ్చి అడిగేది. ఆ బెంగ చూస్తే బాలశౌరికి కడుపు తరుక్కుపోయేది. సంగతి రావమ్మకి తెలిస్తే ఆ పిల్లకి మిగిలిన ఒక్క పుట్టింటి మనిషీ లేకుండా పోతాడు.

కొత్త హబ్‌లు బిగించిన మర్నాటి నుంచి రావమ్మ పొద్దున్నే జీపుకి పూజ మొదలుపెట్టింది. ముందు చక్రాలు రెంటికీ, మధ్య బిళ్ళకీ దాని చుట్టూ ఉన్న కప్పుకీ కలిపి ఒకే గంధం బొట్టు, దాని మీద కుంకుమ. “బండికి మంచిది,” అంది. గుణదల మేరీమాత భక్తుడు బాలశౌరి బొట్లేం పట్టించుకుంటాడు? డొంకలో దిగి బిళ్ళ తిప్పాక, ఆరిన గంధం రెండు ముక్కలై రాలింది. అది పూజ కాదు, సీలు వేయడమని అప్పుడర్థమైంది.

“కొంప మునిగిందిరా,” అన్నాడు బసవపున్నయ్య.

తిరిగొస్తూ పామర్రులో గంధం, కుంకుమ కొన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ బొట్టు పెట్టని బాలశౌరి, రెండు చక్రాలకీ పెట్టాడు.

సాయంత్రం రావమ్మ వంగి చూసింది. “బొట్టు పెట్టడం ఎప్పుడు నేర్చుకున్నావు బాలశౌరీ?”

“నేనెందుకు పెడతానండి అమ్మగారూ?”

“నా వేలు ఇంత లావుండదు.”

తిట్టలేదు, అరవలేదు. లోపలికెళ్ళి మినుములు వేయించి సున్ని విసరడానికి కూర్చుంది. గుడివాడలో చెల్లెలికి మళ్ళీ సున్నుండలట. ఆ నెమ్మదే బాలశౌరిని రాత్రంతా నిద్రపోనివ్వలేదు. అరిచే మనిషైతే అంత భయముండదు.

తెల్లారి ఆమెను బస్సెక్కించి వచ్చిన బాలశౌరి గుమ్మంలోనే కూలబడ్డాడు. “అయ్యా, గుడివాడ కాదు. పామర్రు టికెట్టు అడిగారు. కిటికీలోంచి నా చెవులతో విన్నాను.”

బసవపున్నయ్య కండువా భుజాన వేసుకోబోయి ఆగాడు. “ఊరి పేరుతో సహా కనిపెట్టేసిందన్నమాట. ఆ పిల్లని వీధిలో పెట్టి కడిగేస్తుంది. పచ్చి బాలింతరాలు, తట్టుకోలేదు. నేనొస్తే ఇంకా రభస. నువ్వెళ్ళు. కాళ్ళయినా పట్టుకో.”

బాలశౌరి జీపు ఎలా నడిపాడో వాడికే తెలియదు. డొంకలో దిగి బిళ్ళలు తిప్పుతున్నప్పుడు బొట్ల వంకైనా చూడలేదు. ఇశ్రాయేలు ఇంటి ముందు రావమ్మ చెప్పులున్నాయి. లోపల పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. తలుపు తోసుకుని పెరట్లోకి పరిగెత్తాడు.

“అమ్మగారూ, తప్పు నాది. అమ్మాయిగారినేం అనకండి…”

రావమ్మ పీట మీద కూర్చుని, కాళ్ళు బార్లా చాపుకుని, వాటి మీద మనవరాలిని బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోస్తోంది. పక్కనే చెంబందిస్తున్న మాణిక్యం బిత్తరపోయి తల్లి వంక చూసింది.

“మీ అయ్యగారు రాలేదుగా?” అని అడిగింది రావమ్మ.

“లేదండి.”

రావమ్మ ఊపిరి పీల్చుకుని పిల్ల వీపు మీద ఇంకో చెంబెడు నీళ్ళు పోసింది.

“ఆయనొచ్చిన మర్నాడేగా ఎప్పుడూ నేనొచ్చేది,” అంది.