ఎడమకు వాలిన ముల్లు

చెన్నూరు రేవులో లచ్చయ్య మోటారు పడవ తాళం తిప్పాడు. ఇంజను ఒక్కసారికే అందుకుంది.

"సూసినవా వదినె? కొత్త బ్యాటరీ. ఫికర్ చెయ్యకు" అన్నాడు గట్టు మీద కూర్చున్న బాలలక్ష్మితో.

రాజం ఇంజను మీదికి వంగి చూశాడు. తప్పు బ్యాటరీది కాదు. మొన్న ఇదే పడవ నడి గోదావరిలో ఆగిపోయి సుడిగుండం వైపు కొట్టుకుపోయింది. అందరూ బ్యాటరీనే తిట్టి, మంచిర్యాల నుంచి కొత్తది తెచ్చి పెట్టారు. ఇన్నేళ్లు పడవ నడిపిన రాజాన్ని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు.

"లచ్చయ్యా, చార్జింగ్ తీగ సూడు. పైన రబ్బరు మంచిగనే ఉన్నది, లోపట రాగి తెగింది. బ్యాటరీ నిండుతలేదు. మల్ల నడి నీళ్లల్లనే ఆగుతది."

తీగ మీద వేలు పెట్టి మరీ చూపించాడు. లచ్చయ్య తల కూడా తిప్పలేదు. బీడీ ముట్టించాడు. చేతికి స్టీరింగు రాగానే వీడికి కళ్లు నెత్తికెక్కాయి అనుకున్నాడు రాజం.

నది ఎర్రగా పొంగుతోంది. బాలలక్ష్మి, ఆమె ఒళ్లోని పాలు తాగే బిడ్డ ఈ పడవలోనే అవతలి ఒడ్డుకు పోవాలి.

"బాలీ, ఎక్కకు. జర నా మాట ఇను" అని భార్యను బతిమాలాడు.

ఆమె పలకలేదు. మొన్నటి నుంచి రాజంతో మాట్లాడటమే లేదు.

రేవు మీద చుట్టాలంతా ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు. మబ్బు దిగుతోంది.

"ఇంకెంతసేపు సూస్తరు? చీకటైతది. ఎక్కుండ్రి" అని కేకేశాడు లచ్చయ్య.

బాలలక్ష్మి బిడ్డను ఎత్తుకుని పడవలో కాలు పెట్టింది. రాజం కళ్లు మూసుకున్నాడు.

ఆమె రెండో కాలు గట్టు మీదే ఆగింది. స్టీరింగు పక్కనున్న చార్జింగ్ మీటరునే చూస్తోంది. రాజం అన్నం ముందు కూర్చున్నా ఇంజను ముచ్చట్లే. ఆమె వద్దన్నా చెవిన పడేవి.

"లచ్చయ్యా, ఇంజను నడుస్తుంటే గా ముల్లు కుడి దిక్కు ఉండాలె గదా? ఎడమకెందుకు పోయింది?"

లచ్చయ్య బీడీ పారేశాడు. తీగను పట్టి గుంజాడు. రబ్బరు సాగి, తీగ రెండు ముక్కలై చేతికొచ్చింది.

"దిగు వదినె. గీ తీగ మార్చేదాక పడవ తియ్య. ఒట్టు."

రేవు మీద పొద్దటి నుంచి ఎవరెంత పిలిచినా దిగని కాకి, అప్పుడు వచ్చి రాజం పిండాన్ని ముట్టింది.